బీటా ఓఎస్ ఎక్కడ వేసి చూడాలి: వర్చువల్ మెషీన్‌లోనా, పార్టిషన్‌లోనా, వేరే డిస్క్‌లోనా?

ఇంకా పరీక్ష దశలోనే ఉన్న (బీటా) కొత్త ఓఎస్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్, చూడ్డానికి ఎలా ఉందో, మెనూలు ఎక్కడికి మారాయో తెలిస్తే చాలనుకుంటే వర్చువల్ మెషీన్‌ను (సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఉత్తుత్తి కంప్యూటర్) మించింది లేదు. ఉన్న సిస్టమ్‌లోనే ఒక విండోలో నడుస్తుంది, నచ్చకపోతే డిలీట్ చేసేయొచ్చు. ముందే స్నాప్‌షాట్ (అప్పటి స్థితికి కాపీ) తీసి పెట్టుకుంటే ఏం పాడైనా వెనక్కి రావచ్చు. విండోస్ హోమ్ ఎడిషన్‌లో హైపర్-వి (వర్చువల్ మెషీన్లు నడిపే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామ్) ఉండదు కాబట్టి ఎక్కువమంది ఉచితంగా దొరికే వర్చువల్‌బాక్స్ వాడతారు. విండోస్ 11 కనీసం 4 జీబీ ర్యామ్ అడుగుతుంది. మొత్తం ఉన్నదే 8 జీబీ అయితే లోపలిదీ బయటిదీ రెండూ నత్తనడకే.

అయితే అందులో కనిపించే గ్రాఫిక్స్ కార్డు, నెట్‌వర్క్ కార్డు ఉత్తుత్తివి. మీ వైఫై మధ్యలో తెగిపోతుందా, మూత వేసి తీస్తే ల్యాప్‌టాప్ మేలుకుంటుందా, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది? వర్చువల్ మెషీన్ ఇవేవీ చెప్పదు. బీటాల్లో ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి ఇవే.

అందుకని చాలామంది అదే డిస్క్‌లో ఇంకో పార్టిషన్ (విడి భాగం) చేసి డ్యూయల్ బూట్ (ఆన్ చేసేటప్పుడు రెండు ఓఎస్‌లలో ఒకటి ఎంచుకునే ఏర్పాటు) పెట్టుకుంటారు. ‘పాతది పక్కన భద్రంగానే ఉంది కదా’ అనే ఆ ధీమాను నేను నమ్మను. బూట్‌లోడర్ (ఓఎస్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్) చెడితే రెండూ తెరుచుకోవు. పైగా కొత్త ఓఎస్‌కు పాత పార్టిషన్‌లోని ఫైళ్లు కనిపిస్తూనే ఉంటాయి. 2009లో విండోస్ 7 బీటాలోని ఒక బగ్ కొన్ని ఎంపీ3 ఫైళ్లలో మొదటి కొన్ని సెకన్లను శాశ్వతంగా కత్తిరించేసింది. ఫైలు అందుబాటులో ఉంటే చాలు, ఏ పార్టిషన్‌లో ఉందన్నది అలాంటి బగ్‌కు అనవసరం.

నా ఓటు వేరే డిస్క్‌కే. డెస్క్‌టాప్ అయితే అసలు ఎస్‌ఎస్‌డీ కేబుల్ పీకి, ఇంకోటి తగిలించి ఇన్‌స్టాల్ చేయండి, ఏ టెన్షనూ ఉండదు. పాత ల్యాప్‌టాప్ ఉన్నా మంచిదే, కాకపోతే విండోస్ 11కు టీపీఎమ్ 2.0 (భద్రత కోసం ఉండే చిప్) కావాలి. ఉబుంటు బీటాకు ఇంత హడావుడి అక్కర్లేదు, పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి చూడొచ్చు.

రోజూ పని చేసుకునే కంప్యూటర్ మీదే వేస్తామంటే ఇన్‌సైడర్‌లో (విండోస్ బీటాలు ఇచ్చే మైక్రోసాఫ్ట్ కార్యక్రమం) రిలీజ్ ప్రివ్యూ ఛానెల్ (దాదాపు విడుదలకు సిద్ధమైనవి వచ్చేది) దాటి వెళ్లకండి. ఇంకా తొలి దశవి వచ్చే డెవ్, కెనరీ ఛానెళ్లలో కొన్నాళ్లు ఉండి మామూలు విండోస్‌కు రావాలంటే అంతా తుడిచి మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిందే.

ఏ దారి పట్టినా గడువు తేదీ చూసుకోండి. విండోస్ 7 ఆర్‌సీ (విడుదలకు ముందు వచ్చిన చివరి పరీక్ష వెర్షన్) అసలు గడువు 2010 జూన్ 1 అయినా, మార్చి 1 నుంచే రెండు గంటలకోసారి దానంతట అదే ఆగిపోవడం మొదలుపెట్టింది.