గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తొలి దశలో గర్భసంచిని ఉంచుకోవడం మేలా, తీయించుకోవడం మేలా?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తొలి దశలోనే బయటపడి, ఇంకా పిల్లలు కావాలనుకునే స్త్రీ ముందు సాధారణంగా మూడు శస్త్రచికిత్సల ప్రస్తావన వస్తుంది: ముఖద్వారంలోంచి శంకువు ఆకారపు ముక్కను మాత్రమే తీసే కోనైజేషన్, ముఖద్వారాన్ని తీసి గర్భసంచిని ఉంచే ట్రాకెలెక్టమీ, రెండింటినీ తీసేసే హిస్టరెక్టమీ. ఏది కుదురుతుందో ముందుగా చెప్పేది బయాప్సీ రిపోర్టే. కణితి ఎంత లోతుకు దిగింది, రక్తనాళాల్లోకి గానీ లింఫ్ నాళాల్లోకి గానీ చొరబడిందా, తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ కణాలు మిగిలాయా అన్నవి డాక్టరును అడిగి తీరాలి.

లోతు 3 మిల్లీమీటర్ల లోపే ఉండి, నాళాల్లోకి చొరబాటు లేక, అంచులు శుభ్రంగా ఉంటే కోనైజేషన్‌తోనే చికిత్స ముగియవచ్చు. పిల్లలు కావాలనుకునేవారికి ఇదే మేలు. ముక్క లోతుగా తీసినకొద్దీ నెలలు నిండకుండా కాన్పయ్యే అవకాశం పెరుగుతుంది.

అసలు చిక్కు ట్రాకెలెక్టమీ దగ్గరే. ఫ్రెంచ్ వైద్యుడు డానియెల్ దార్జాన్ ప్రచారంలోకి తెచ్చిన ఈ శస్త్రచికిత్సను సాధారణంగా 2 సెంటీమీటర్లు మించని, లింఫ్ గ్రంథులకు పాకని కణితులకే చేస్తారు. గ్రంథుల్లో క్యాన్సర్ కనబడితే ఆ ఆలోచన మానుకుని రేడియేషన్, కీమోథెరపీల వైపు మళ్ళవలసి వస్తుంది. న్యూరోఎండోక్రైన్ రకం (అరుదుగా వచ్చే, వేగంగా పాకే రకం) కణితి అయితే ఇది పనికిరాదు. గర్భసంచి మిగిలినంత మాత్రాన గర్భం సులువని అనుకోకూడదు: కొందరిలో ద్వారం ఇరుకై నెలసరి రక్తం లోపలే నిలిచి నొప్పి వస్తుంది, గర్భం నిలవడానికి ఐవీఎఫ్ అవసరం కావచ్చు, ముఖద్వారం లేని గర్భసంచిని మూసి ఉంచడానికి అడుగున వేసిన కుట్టు వల్ల కాన్పు సిజేరియన్‌తోనే జరగాలి. నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదమూ ఎక్కువే. కాబట్టి పిల్లలు కావాలన్న కోరిక బలంగా ఉన్నవారికే దీన్ని సూచిస్తాను. ‘ఎందుకైనా మంచిది, ఉండనిద్దాం’ అన్న మాట ఇంత భారానికి సరిపోదు.

పిల్లలు ఇక వద్దనుకున్నవారికి హిస్టరెక్టమీ మేలు. గర్భసంచి తీసినా, క్యాన్సర్ రకాన్ని, వయసును బట్టి అండాశయాలను ఉంచే వీలుంటే మెనోపాజ్ వెంటనే మీద పడదు. 2024లో వెలువడిన షేప్ అధ్యయనంలో, ముప్పు తక్కువగా ఉన్న 2 సెంటీమీటర్ల లోపు కణితులకు సాధారణ హిస్టరెక్టమీ చేసినా, చుట్టూ ఉన్న కణజాలాన్ని కూడా తీసే రాడికల్ పద్ధతి అనుసరించినా, మూడేళ్ళలో పొత్తికడుపులో క్యాన్సర్ తిరగబెట్టడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మూత్ర సంబంధమైన ఇబ్బందులు మాత్రం సాధారణ పద్ధతిలో తగ్గాయి.

కణితి పెద్దదై రేడియేషన్ తప్పనిసరి అయితే ఈ పోలికంతా మారిపోతుంది. అండాశయాలను ముందుగా పైకి జరిపి హార్మోన్లను కాపాడే ప్రయత్నం చేయవచ్చు గానీ, రేడియేషన్ తగిలిన గర్భసంచి సాధారణంగా బిడ్డను మోయలేదు. అండాలను భద్రపరచడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది గనుక, రేడియేషన్ తేదీ ఖరారు కాకముందే సంతాన వైద్య నిపుణుల దగ్గరకు పంపమని క్యాన్సర్ డాక్టరును కోరాలి.