అద్దెకున్నవాళ్లకే అమ్మాలా, బయట అమ్మాలా?

అద్దెకిచ్చిన ఇల్లు అమ్మాలనుకుంటే, ముందు అందులో ఉంటున్నవాళ్లనే అడగాలని నా గట్టి అభిప్రాయం. వానకు ఏ గోడ చెమ్మెక్కుతుందో వాళ్లకు తెలుసు కాబట్టి కొన్నాక గొడవలు తక్కువ. ఖాళీ చేయించక్కర్లేదు, రిజిస్ట్రేషన్ రోజుదాకా అద్దె ఆగదు, బ్రోకర్ కమీషన్ మిగులుతుంది. అయితే వాళ్లకు బ్యాంకు లోన్ వస్తుందో లేదో అగ్రిమెంటుకు ముందే తేల్చుకోవాలి. బేరం చెడితే మళ్లీ వాళ్ల దగ్గరికే అద్దె వసూలుకు వెళ్లాలి, ఆ ఇబ్బంది చిన్నది కాదు. పరిచయస్తులే కదా అని నోటిమాటతో సరిపెట్టకండి. అద్దెకు దిగేటప్పుడు వాళ్లిచ్చిన అడ్వాన్సు ధరలో కలుపుతారా, తిరిగిస్తారా అన్నది కూడా కాగితం మీద ఉండాలి.

బయట అమ్మితే కొనేవాళ్ల పోటీలో ధర పెరగొచ్చు. కానీ ఇల్లు ఖాళీగా ఉన్నన్నాళ్లూ అద్దె రాదు, రంగులూ రిపేర్లూ మీ ఖర్చే. ఎవరికి అమ్మినా, ధర చెప్పేముందు చుట్టుపక్కల రేటు కనుక్కోండి.