పెరట్లో పిట్టల కోసం 8×42 బైనాక్యులర్: కొన్నేళ్లు వాడాక నా మాట

బైనాక్యులర్ అనగానే అందరూ అడిగేది ఎన్ని రెట్లు జూమ్ అని. దాదాపు రోజూ మెడలో వేసుకుని తిరుగుతున్నవాడిగా చెప్తున్నా, పెరట్లో పిట్టల్ని గుర్తుపట్టడానికే అయితే ఆ ప్రశ్న చివర్లో అడిగినా చాలు. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు, నేను చెప్పదల్చుకున్నది సైజు గురించి.

8 అంటే ఎనిమిది రెట్లు, 42 అంటే ముందు అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో. 42ని 8తో భాగిస్తే 5.25, కంటి దగ్గరికొచ్చే వెలుగు అన్ని మిల్లీమీటర్ల వెడల్పుంటుంది. అదే 10×42లో 4.2 మాత్రమే. మిట్టమధ్యాహ్నం ఎండలో మన కంటిపాపే రెండు మూడు మిల్లీమీటర్లకి ముడుచుకుపోతుంది కాబట్టి ఈ తేడా తెలీదు. కానీ పిట్టలు హడావిడి పడేది తెల్లారాక కాసేపు, మళ్లీ పొద్దు వాలేటప్పుడు, అదీ ఆకుల నీడలో. అక్కడ పదిరెట్లదానిలో మసగ్గా ఉండేది ఎనిమిదిరెట్లదానిలో రంగుతో సహా కనపడుతుంది. పైగా జూమ్ పెరిగేకొద్దీ చేతి వణుకు కూడా పెరిగి కనపడుతుంది, చూపు మేర ఇరుకవుతుంది, ఒక్కచోట కుదురుగా ఉండని పిట్ట కోసం వెతుక్కుంటూ ఉండాల్సొస్తుంది.

ఇక డబ్బాల మీద చిన్న అక్షరాల్లో ఉండేది, పెరటికి మాత్రం అన్నిటికంటే ముఖ్యమైనది, ఎంత దగ్గరి వస్తువు మీద ఫోకస్ అవుతుందన్నది. నా దానికి అది రెండు మీటర్లు. కొన్నిటికి నాలుగైదు మీటర్లు ఉంటుంది, అలాంటిది కొంటే కిటికీ ముందు మొక్క మీద వాలిన పిట్ట మసకే.

దగ్గర్నుంచి చూడటమెందుకు, కళ్లున్నాయిగా అంటారు. తేనెపిట్టల్ని చూడండి మరి. మామూలు కంటికి ఆడవన్నీ ఒకటే, పైన మట్టిరంగు, కింద పసుపు. బైనాక్యులర్‌లో గొంతు చూస్తే, బూడిద కలిసిన తెలుపుండి పొట్ట మాత్రమే పసుపైతే ఊదా నడుము తేనెపిట్ట, గొంతు నుంచీ పసుపే అయితే ఊదా తేనెపిట్ట. ఆడపిట్టలా ఉండి గొంతు నుంచి పొట్ట దాకా నల్లటి నిలువుగీత ఒకటి కనపడితే అది ఆడది కాదు, జత కట్టే కాలం అయిపోయి మెరుపు ఈకలు వదిలేసిన ఊదా మగపిట్ట. ఆ గీత ఎంత సన్నం అంటే ఫోన్ కెమెరాలో జూమ్ చేస్తే పిండి ముద్దలా కలిసిపోతుంది. నాకైతే ఈ ఒక్క పిట్టకే డబ్బులు వసూలైపోయాయి.

పికిలిపిట్టల్లో మామూలు పికిలి, ఎర్రచెంపల పికిలి రెండిటికీ తోక కింద ఎరుపు ఉంటుంది, అది చూసి లాభం లేదు. నిటారుగా లేచిన పదునైన జుట్టు, కంటి వెనక ఎర్రటి మచ్చ ఉంటే ఎర్రచెంపల రకం. పిల్లవాటికి ఆ మచ్చ ఇంకా రాదు, అప్పుడు జుట్టే దిక్కు. కోయిల మగది నల్లగా కాకిలా ఉన్నా కన్ను ఎర్రగా ఉంటుంది, ఆడది గోధుమరంగు మీద తెల్లచుక్కలతో వేరే పిట్టే అన్నట్టుంటుంది. డేగ అనుకునేవాటిలోనూ కొన్ని కోకిల జాతివే ఉంటాయి. పొట్ట మీద చారలు చూసి తేల్చకండి, ముక్కు చూడండి, డేగది కొక్కెంలా వంగి ఉంటుంది, కోకిల జాతివాటిది అంతగా వంగదు.

అరుపే తప్ప మనిషికి కనపడనివి కూడా ఉంటాయి, కంసాలిపిట్ట అలాంటిదే, చిటారుకొమ్మన కూర్చుని టుక్ టుక్ మంటుంది. వాటికి అమెరికాలో పక్షుల మీద పరిశోధన చేసే కార్నెల్ ల్యాబ్ వాళ్ల మెర్లిన్ యాప్ పక్కన పెట్టుకుంటా, ఉచితమే, అరుపు వినిపిస్తే పేరు చెప్తుంది. ఆ పేరుని నేను సలహాగానే తీసుకుంటా, కంటితో చూశాకే నోట్‌బుక్కులో రాస్తా. యాప్ ఉంది కదా బైనాక్యులర్ దండగ అనేవాళ్లతో నాకు పేచీ.

వాడే పద్ధతి ఒకటి చెప్పాలి. పిట్ట కనపడగానే కిందికి చూసి బైనాక్యులర్ వెతుక్కోవద్దు. చూపు పిట్ట మీదే ఉంచి దాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలి. అంతకంటే ముందు కుడికంటి దగ్గరుండే సర్దుబాటు రింగు సరిచేసుకోండి: కుడికన్ను మూసి మధ్య చక్రంతో ఎడమకంటికి స్పష్టంగా చేసుకుని, తర్వాత ఎడమకన్ను మూసి ఆ రింగు తిప్పాలి. చాలామంది ఇది చెయ్యకుండా తలనొప్పి వస్తోందని పక్కన పడేస్తారు.

నచ్చనివీ ఉన్నాయి. బరువు ముప్పావు కిలో దాకా ఉంటుంది, సన్నటి తాడుతో మెడ లాగేస్తుంది, వెడల్పు పట్టీ మార్చాక కాస్త నయం. మూసిన కిటికీ అద్దంలోంచి ఏటవాలుగా చూస్తే బొమ్మ చెదురుతుంది, కిటికీ తీయాల్సిందే, తీస్తే పిట్ట ఎగిరిపోతుంది! కంటి రబ్బరు కప్పుల్లో ఒకటి వదులైంది. వానాకాలంలో అద్దాలకి బూజు పట్టే భయం ఉంది, సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో పెడుతున్నా. తుడిచేటప్పుడు ముందు దుమ్ము ఊది, బ్రష్‌తో దులిపి, ఆ తర్వాతే గుడ్డ వాడాలి, చొక్కా అంచుతో రుద్దితే పూత పోతుంది.

కళ్లజోడు వాళ్లు కొనేముందు ఐ రిలీఫ్ అంకె చూడండి, అంటే బొమ్మ మొత్తం కనపడుతూనే కన్ను అద్దానికి ఎంత దూరంలో ఉండొచ్చన్నది, 15 మిల్లీమీటర్లకి తగ్గితే జోడు తీస్తే గానీ మొత్తం బొమ్మ కనపడదు. పిల్లలకైతే 8×32 చాలు, చేతికి తేలిక. సూర్యుడి వైపు తిప్పొద్దని వాళ్లకి మాత్రం ఇచ్చేముందే గట్టిగా చెప్పండి, కళ్లు పోతాయి.