తిరుపతిలో పాత కలర్ టీవీ బాగు చేయించాలంటే ఈ షాపే

గోవిందరాజస్వామి గుడి దగ్గర సందులో ఉంది, బోర్డు కూడా సరిగ్గా కనపడదు. మా నాయన కొన్న సోనీ ట్రినిట్రాన్ తీసకపోయినా, సౌండ్ వస్తాంది గానీ బొమ్మ లేదు, మధ్యలో తెల్లగా ఒకటే అడ్డగీత. వేరే చోట పిక్చర్ ట్యూబ్ పోయింది, పాత సామాన్లకి వేసేయమన్నారు. ఈ షాపాయన మూత తీసి ముందు ట్యూబ్‌ని డిశ్చార్జ్ చేసినాడు (ఆఫ్ చేసినాక కూడా వేల ఓల్టులు నిలబడి ఉంటాయి, ఇంట్లో ఎవరూ వేలు పెట్టొద్దు స్వామీ), "ట్యూబ్ బంగారం మాదిరుంది నా, పోయింది వర్టికల్ ఐసీ" అన్నాడు (బొమ్మని పైకీ కిందికీ పరిచే చిప్పు అది).

ఐసీ, ఉబ్బిన కండెన్సర్లు మార్చి, మూలనున్న పచ్చ మరకని డీగాసింగ్ కాయిల్ (ట్యూబ్‌కి పట్టిన అయస్కాంతాన్ని పోగొట్టే తీగచుట్ట) తిప్పి పోగొట్టినాడు, రంగులన్నీ సుడులు తిరిగి మెల్లిగా సర్దుకుంటా ఉంటే భలే ఉంటది. ఇంకా సన్నటి గీత నీడలాగా కనపడతాంది అంటే అది ఫాల్ట్ కాదంట, లోపల రంగుల్ని వేరు చేసే సన్నటి లోహపు గ్రిల్ అదరకుండా పట్టే తీగ, ట్రినిట్రాన్‌లకి మామూలే.

స్టూడియో మానిటర్లు, పీవీఎం (సోనీ ప్రొఫెషనల్ మానిటర్) లాంటివి కూడా చేస్తాడు, కాకపోతే వాటిల్లో చానళ్లు పట్టే ట్యూనర్ ఉండదు, కేబుల్ వైరు నేరుగా పెడదామనుకుని కొనొద్దండి. ఎల్‌ఓటీ (ట్యూబ్‌కి హై ఓల్టేజీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్) పోతే మాత్రం స్పేర్ దొరికేదాకా ఆగాల్సిందే. ఫోన్ అసలు ఎత్తడు, అందుకే ఒక స్టార్ కట్.