గోడ ప్లగ్గులో పెట్టుకునే చిన్న కరెంటు మీటరు: నాలుగు నెలలు వాడాక నా అభిప్రాయం

కరెంటు ఆఫీసు నుంచి సంజాయిషీ అడుగుతూ కాగితం రాకపోయి ఉంటే, ఇలాంటి వస్తువు ఒకటుందని కూడా నాకు తెలిసేది కాదు. గోడ ప్లగ్గుకీ మనం వాడే సామానుకీ మధ్యలో పెట్టే చిన్న మీటరు ఇది. అరచేతిలో పడుతుంది. వెనక పిన్నులు, ముందు రంధ్రాలు, పైన చిన్న తెర, దాని కింద మూడు బటన్లు. ఆ సామాను ఇప్పుడు ఎన్ని వాట్లు తీసుకుంటోందో, పెట్టినప్పటి నుంచి మొత్తం ఎన్ని యూనిట్లు కాల్చిందో చూపిస్తుంది. చేసే పని అంతే, కానీ నాకు అప్పుడు కావలసింది కూడా అదే.

ఎందుకు కావలసి వచ్చిందో చెప్పకపోతే ఈ రివ్యూకి అర్థం ఉండదు. మా అత్తమ్మ పద్నాలుగు నెలలు మంచం మీదే ఉన్నారు. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మెషీన్ ఒకటి ఆమె తల దగ్గర రాత్రీ పగలూ నడిచేది. ఒంటికి పుళ్ళు పడకుండా గాలి పరుపు, దానికో చిన్న పంపు. ఫ్యాను ఒక్క నిమిషం ఆపినా ఊపిరాడనట్టు చేయి ఊపేవారు, అందుకని అదీ ఎప్పుడూ తిరుగుతూనే ఉండేది. ఆ రోజుల్లో మా ఇంటికి నెలకు 430 యూనిట్ల దాకా వచ్చేవి. ఆమె పోయాక మెషీన్ ఆపాం. ఆ చప్పుడుకి ఎంత అలవాటు పడ్డామంటే, ఆపిన మొదటి రాత్రి మా ఆయనకు నిద్రే పట్టలేదు. మరుసటి నెల పూర్తిగా గడిచాక రీడింగ్ తీస్తే 128 యూనిట్లు.

ఆ తర్వాతి నెల ఇద్దరు మనుషులు వచ్చారు. మీటరు పెట్టె తెరిచి సీళ్ళు చూశారు, ఫోన్‌తో ఫొటోలు తీశారు, సర్వీసు వైరు గోడలోకి వెళ్ళే చోట వేలితో తట్టి చూశారు. పెద్దాయన నా వైపు తిరిగి, "మేడమ్, మీటరుకి ఎవరైనా చేయి పెట్టారా? ఉన్నదున్నట్టు చెప్తే మీకే మంచిది" అన్నారు. మా అత్తమ్మ పోయిందండీ, మెషీన్ ఆపేశాం అని చెప్పాను. "అందరూ ఏదో ఒకటి చెప్తారమ్మా" అన్నారు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. వారం తిరక్కుండా కాగితం వచ్చింది: వాడకం అసాధారణంగా తగ్గింది, కారణం లిఖితపూర్వకంగా తెలపండి అని.

వాళ్ళ అనుమానానికి మూలం లేకపోలేదు. మీటరును తప్పించి వైరు కలిపేవాళ్ళున్నారు, అయస్కాంతం పెట్టేవాళ్ళున్నారు, న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే వైరు) తీసేసి ఎర్త్‌తో నడిపేవాళ్ళున్నారు. దొంగ కరెంటు భారం చివరికి సరిగ్గా కట్టేవాళ్ళ మీదే పడుతుంది. పాత నెలలతో పోల్చి, ఒక్కసారిగా పడిపోయిన ఇళ్ళను కంప్యూటరు పట్టి ఇస్తుంది. ఆ జాబితా పట్టుకుని రావడం తప్పని నేను అనను. కానీ యూనిట్లు తగ్గడానికి దొంగతనం ఒక్కటే కారణం కాదు కదా. పిల్లలు చదువులకు వెళ్తారు, పాత ఫ్రిజ్ పోయి కొత్తది వస్తుంది, 60 వాట్ల బల్బు తీసి 9 వాట్ల ఎల్‌ఈడీ పెడతారు, మనిషి పోతుంది. అడగడం వేరు, ముందే తేల్చేసుకుని అడగడం వేరు.

ఏం రాయాలో తెలియక రెండు రోజులు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. నోటితో చెప్పింది నమ్మలేదు, లెక్క చెప్తే నమ్ముతారేమో అనిపించింది. అప్పుడు తెప్పించాను దీన్ని.

ముందు దీని మాటే నమ్మొచ్చా అని చూసుకున్నాను. ఎలక్ట్రానిక్ మీటరు మీద చిన్న ఎర్ర లైటు మినుకుమంటూ ఉంటుంది. దాని పక్కనే యూనిట్‌కి ఎన్ని మినుకులో రాసి ఉంటుంది, మా దాని మీద 3200. అంటే 32 మినుకులకు యూనిట్‌లో నూరో వంతు. ఇంట్లో అన్నీ కట్టేసి, చల్లగా ఉన్న ఇస్త్రీ పెట్టెను ఈ చిన్న మీటరు ద్వారా పెట్టి, వేడి పూర్తిగా పెంచాను. మా ఆయన పెద్ద మీటరు దగ్గర సెల్‌ఫోన్ స్టాప్‌వాచ్‌తో మినుకులు లెక్కపెట్టారు. 32 మినుకులకు ముప్ఫై ఆరున్నర సెకన్లు. లెక్క కడితే 986 వాట్లు. నా చేతిలో ఉన్నది 985 చూపిస్తోంది. ఆ రెండు అంకెలూ కాగితం మీద పక్కపక్కన రాసుకున్నప్పుడు, చాలా రోజుల తర్వాత మనసు కుదుటపడింది.

అసలు చిక్కు వేరే ఉంది. లెక్క చెప్పాల్సిన మెషీన్ మా ఇంట్లో లేదు. అవసరం ఉన్న వేరే కుటుంబానికి అప్పటికే ఇచ్చేశాం. మొహమాటంగానే ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. "రండి అక్కా, నాన్నకి సిలిండరు స్పేర్‌లో ఉంది, రెండు నిమిషాలు దాని మీద పెడతాను" అంది. నాన్నగారికి సిలిండరు గొట్టం తగిలించి, ఆయన సర్దుకున్నారని చూశాకే మెషీన్ ప్లగ్ తీసి మధ్యలో మీటరు పెట్టాం. మెషీన్ మళ్ళీ నడిచి, ఆక్సిజన్ సరిగ్గా వస్తోందని తెలిశాక గొట్టం మార్చింది. ఇలాంటి మెషీన్‌కి ఎవరైనా ఇది పెట్టాలనుకుంటే ఈ జాగ్రత్త తప్పనిసరి. పని అయ్యాక ఒక్క గంట కూడా ఎక్కువ ఉంచకండి. ప్రాణం ఆధారపడిన దారిలో అదనపు అతుకు ఉండకూడదు.

తెర మీద అంకె నిలకడగా ఉండదు. మెషీన్ లోపల కవాటం మారి బుస్సుమన్నప్పుడల్లా 320కి దిగుతుంది, మళ్ళీ 355కి ఎక్కుతుంది. మా అత్తమ్మ మంచం పక్కన నేను పద్నాలుగు నెలలు విన్న బుస్సు అదే. ఇన్నాళ్ళకు దాన్ని అంకెల్లో చూశాను. ఇలా ఊగే సామానుకి వాట్లు చూసి ప్రయోజనం లేదు, యూనిట్ల లెక్క ఉన్న పేజీ మీద ఉంచి పూర్తిగా ఒక రోజు వదిలేయాలి. మర్నాడు అదే వేళకు వెళ్ళి చూస్తే 8.1 యూనిట్లు. నెలకు 243.

ఫ్యానుకి ఈ వస్తువు పనికిరాదు, దానికి ప్లగ్ ఉండదు కాబట్టి. అక్కడ మళ్ళీ మినుకుల లెక్కే. ఫ్యాను ఒక్కటే వేసి చూస్తే మినుకుకీ మినుకుకీ మధ్య పదిహేను సెకన్లు, అంటే 75 వాట్లు. రాత్రీ పగలూ తిరిగితే నెలకు 54 యూనిట్లు. 243కి 54 కలిపితే 297. తగ్గింది 302. మిగిలిన నాలుగైదు యూనిట్లూ గాలి పరుపు పంపువి. దాన్ని కొలవలేకపోయాను, మీద రాసి ఉన్న 7 వాట్లనే తీసుకున్నాను, సంజాయిషీలో ఆ సంగతి కూడా అలాగే రాశాను.

ఇక దీని లోపాలు. ప్లగ్గులు నేల దగ్గర ఉన్న చోట తెర చదవాలంటే పడుకోవాలి. తెరకి లైటు లేదు, టార్చి వేసుకోవాల్సిందే. వయసైన వాళ్ళు ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టి పైకి తెచ్చుకోవడం మంచిది. లోపల బటన్ సెల్ అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. మా ఫ్రిజ్ మీద ఐదు రోజుల లెక్క అలాగే పోయింది. రెండు మూడు వాట్ల లోపు తీసుకునేవాటికి సున్నా చూపిస్తుంది, ఊరికే ప్లగ్గులో వదిలేసిన ఛార్జరు కాల్చడం లేదని దాన్ని బట్టి అనుకోకూడదు. ఎన్ని ఆంపియర్ల దాకా తట్టుకుంటుందో వెనక రాసి ఉంటుంది. గీజరు లాంటివాటికి పెట్టేముందు అది చూడాలి. పిన్నులు వదులుగా ఉంటే వేడెక్కుతాయి, మధ్యలో ఒకసారి చేత్తో తాకి చూసుకోండి.

నా సంజాయిషీ అందాక ఆఫీసు వాళ్ళు మా మీటరుతో వరసలో ఇంకో మీటరు కలిపి వారం ఉంచారు. చెక్ మీటరు అంటారు. ఈసారి వచ్చిన అబ్బాయి పనిమంతుడు. రెండిటి మొదటి రీడింగులూ నా ఎదుటే రాసి, నా చేత సంతకం పెట్టించి, ఒక నకలు నాకిచ్చాడు. ఏడు రోజులకు మాది 29.6, వాళ్ళది 29.4. ఒక శాతం కంటే తక్కువే తేడా, అదీ మా మీటరే కాస్త ఎక్కువ తిరిగినట్టు. తర్వాత ఆ అబ్బాయే తన పరికరం తగిలించి లోపలి రికార్డు చూపించాడు. మూత తెరిచినా, అయస్కాంతం తెచ్చినా ఇలాంటి మీటరు తారీఖుతో సహా రాసి పెట్టుకుంటుందట. ఫేజు (కరెంటు వచ్చే వైరు), న్యూట్రల్ రెండిటిలోనూ కరెంటు కొలిచి, ఏది ఎక్కువైతే దాన్నే లెక్కలోకి తీసుకుంటుందట. మా దాంట్లో ఒక్క నమోదూ లేదు. "మొదటి రోజే ఇది చూసి ఉంటే సరిపోయేది కదా నాయనా" అన్నాను. "చూడాల్సిందే అమ్మా" అన్నాడు.

ఎడిసన్ కాలంలో, 1880ల్లో, ఇళ్ళకు పెట్టిన మీటర్లలో జింకు పలకలు ఉండేవని ఎప్పుడో చదివాను. నెలకోసారి కంపెనీ మనుషులు వచ్చి ఆ పలకలు తీసుకెళ్ళి తూచి బిల్లు వేసేవారు, ఇంటివాళ్ళకు చూసుకోవడానికి అంకె అంటూ ఏదీ ఉండేది కాదు. ఇప్పుడు గోడ మీద అంకె కనిపిస్తుంది, కానీ అందులో ఏ సామాను వాటా ఎంతో చెప్పదు. ఆ ఖాళీని ఈ చిన్న మీటరు పూడుస్తుంది. తెరకి లైటు లేనందుకు, సెల్ విషయంలో ముందే హెచ్చరించనందుకు ఒక మార్కు తీసేసి, ఐదుకి నాలుగు ఇస్తాను. ఇంట్లో రోగి మెషీన్ నడుస్తున్నవాళ్ళు మాత్రం అది ఉండగానే ఒక్క రోజు లెక్క తీసి తారీఖుతో రాసి పెట్టుకోండి. నాలాగా తర్వాత ఇంకొకరి గుమ్మం ఎక్కి అడగాల్సిన అవసరం రాదు.

మీటరు సక్రమంగా ఉంది, తదుపరి చర్య లేదు అని ఆఫీసు నుంచి రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. వచ్చే ఏడాది, మెషీన్ నడిచిన నెలలతో పోల్చి చూస్తే కంప్యూటరుకి మా ఇల్లు మళ్ళీ పడిపోయినట్టే కనిపించవచ్చు. అందుకని ఆ ఉత్తరం, వారం రీడింగుల నకలు, నా లెక్కల కాగితం ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి మీటరు పెట్టె పక్కన మేకుకి తగిలించాను. కవరులో అన్నిటికంటే పైన, మెషీన్ ఆపిన తారీఖు రాసిన కాగితం ఉంచాను.