కంచె మేలా, శాంతివనం మేలా, ఊరు మేలా?

శంషాబాద్‌లో విమానం ఎక్కి, లద్దాఖ్‌లోని లేహ్‌లో దిగి, పాంగాంగ్ సరస్సు ఒడ్డున ఫొటోలు దిగి వచ్చేవాళ్లు మన హైదరాబాద్‌లో ఏటేటా పెరుగుతున్నారు. వాళ్లలో అడవులన్నా జంతువులన్నా కాస్త ఇష్టం ఉన్నవాళ్ల నోట ఒక మాట తరచూ వింటుంటాం: "ఆర్మీ ఉంది కాబట్టే అక్కడ జంతువులు బతుకుతున్నాయి, లేకపోతే ఈపాటికి వెంచర్లు వేసేవాళ్లు." ఇంకొందరు దీనికి పూర్తి ఎదురు. భారత్, పాకిస్తాన్ రెండూ సైన్యాన్ని వెనక్కి పిలిచి ఆ కొండల్ని ఉమ్మడి పార్కుగా ప్రకటిస్తే గొడవ వదిలిపోతుందంటారు. మూడో దారి కూడా ఒకటుంది కానీ దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. అక్కడి ఊళ్లవాళ్లు మేకల దొడ్డికి పైన ఇనుప జాలీ బిగించుకోవడం లాంటి చిన్న పనులు అవి. వార్తల్లోకి ఎక్కవు.

నా ఓటు ఆ మూడోదానికే. అలాగని మిగతా రెండింటినీ కొట్టిపారేయలేం.

ముందు ఆ నేల సంగతి చూద్దాం. భారత్, పాకిస్తాన్ మధ్య నియంత్రణ రేఖ సుమారు 740 కిలోమీటర్లు. అది ఎన్‌జే 9842 అనే బిందువు దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి ఎటు అన్నది పాత ఒప్పందాలు తేల్చలేదు, "అక్కడి నుంచి ఉత్తరంగా హిమానీనదాల వైపు" అని వదిలేశాయి. ఆ ఒక్క వాక్యం దగ్గరే సియాచిన్ గొడవ మొదలైంది. తూర్పున చైనాతో ఉన్న వాస్తవాధీన రేఖ మీద అసలు ఏకాభిప్రాయమే లేదు. ఇలాంటి చోట మంచు చిరుతలు ఎన్ని ఉన్నాయంటే, 2024 జనవరిలో కేంద్రం విడుదల చేసిన లెక్క ప్రకారం దేశం మొత్తం మీద 718, అందులో ఒక్క లద్దాఖ్‌లోనే 477. అంటే మన మంచు చిరుతల్లో దాదాపు మూడింట రెండు వంతులు ఇద్దరు పొరుగువాళ్లతో తగాదా ఉన్న నేలమీదే తిరుగుతున్నాయి. మెలితిరిగిన కొమ్ములుండే కొండమేక మార్ఖోర్ పాకిస్తాన్‌కు జాతీయ జంతువు. మన వైపు అది మిగిలింది కశ్మీర్‌లో కాజినాగ్, పీర్ పంజాల్ కొండల్లోనే. కాజినాగ్ అయితే నియంత్రణ రేఖకు ఆనుకునే ఉంది.

ఇక మొదటి వాదన. మనిషిని దూరంగా పెడితే చాలు, ప్రకృతి తన పని తాను చేసుకుంటుంది అన్నది దీని సారం. సాక్ష్యంగా అందరూ చూపించేది కొరియా. 1953లో యుద్ధ విరామం కుదిరాక రెండు కొరియాల మధ్య దాదాపు 250 కిలోమీటర్ల పొడవు, 4 కిలోమీటర్ల వెడల్పున ఒక పట్టీ ఖాళీగా మిగిలింది. మందుపాతరల భయానికి మామూలు జనం దాదాపు అక్కడ అడుగు పెట్టరు. ఆ పట్టీలో, దాని చుట్టుపక్కల కలిపి సుమారు ఆరువేల జాతుల ప్రాణుల్ని, మొక్కల్ని నమోదు చేశారు. అరుదైన ఎర్రతల కొంగలు ప్రతి శీతాకాలం అక్కడికి వస్తాయి.

వినడానికి బాగుంది. కానీ ఆ కొంగలు ఏం తింటున్నాయో చూడండి. రాత్రి అవి నిర్జన పట్టీలోని తడి నేలల్లో నిద్రపోతాయి. తెల్లారాక దక్షిణాన చెర్వాన్ వరిపొలాల్లో దిగి, కోతల తర్వాత రాలిన గింజలు ఏరుకుంటాయి. ఆ పొలాలు సైన్యం అదుపులో ఉన్న ప్రాంతంలోవే అయినా సాగు చేసేది మాత్రం రైతులే. మనిషి లేకపోవడం వల్లే బతికాయనే కథలో సగం తిండి మనిషి పెట్టిందే.

మనకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నల్లమల. "అన్నలు ఉన్నప్పుడే అడవి బాగుండేది, కలప దొంగలకు భయం ఉండేది" అని అచ్చంపేట వైపు పెద్దవాళ్లు అనడం మనలో చాలామంది వినే ఉంటారు. అందులో కొంత నిజం ఉంటే ఉండొచ్చు. కానీ తుపాకుల భయం ఉన్న కాలంలో అటవీ సిబ్బంది లోపలికి వెళ్లలేకపోయారు, శాఖ భవనాలు పేలిపోయాయి, పులులు ఎన్ని ఉన్నాయో లెక్క తీయడమే గగనమైంది. లెక్క లేని అడవిని బాగున్న అడవి అనుకోవడం మన తృప్తి కోసమే. అస్సాంలోని మానస్ అభయారణ్యంలో జరిగింది దాచలేనిది: బోడో ఉద్యమ కాలంలో అక్కడి ఖడ్గమృగాలు ఒక్కటి కూడా మిగలకుండా పోయాయి. 1992లో యునెస్కో మానస్‌ను ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. ఆ జాబితా నుంచి బయటపడేసరికి 2011 వచ్చింది. తుపాకీ ఒక చోట మనిషిని ఆపుతుంది, ఇంకో చోట వేటగాడి చేతికే అందుతుంది. ఏది జరుగుతుందో ముందుగా చెప్పలేం.

పైగా మన సరిహద్దు కొరియా సరిహద్దులా ఖాళీగా లేదు. 2003-04లో నియంత్రణ రేఖ వెంట సుమారు 550 కిలోమీటర్ల కంచె వేశారు, రెండు వరుసలుగా, మధ్యలో ముళ్ల తీగ చుట్టలు. చొరబాట్లు ఆపడానికి అది అవసరమే, దాని మీద నాకు పేచీ లేదు. కానీ ఎండాకాలం పైకి, చలికాలం కిందికి దిగే కొండమేకకు అదొక అడ్డం. తూర్పు లద్దాఖ్‌లో 2020 గల్వాన్ ఘర్షణ తర్వాత రోడ్లు, శిబిరాలు బాగా పెరిగాయి. శిబిరం ఉన్న చోట వంటగది ఉంటుంది, మిగిలిన అన్నం ఉంటుంది, దాని వెంట కుక్కలు వస్తాయి. ఇప్పుడు అక్కడి చాంగ్‌తాంగ్ పీఠభూమిలో నల్లమెడ కొంగ గుడ్లకూ పిల్లలకూ పెద్ద ముప్పు శత్రుసైన్యం కాదు, ఊరకుక్కలే. పర్యాటకుల గుడారాలూ ఆ కుక్కల్ని పోషిస్తున్నాయి, అందులో మన వాటా ఎంతో కొంత ఉంది. నల్లమెడ కొంగ లద్దాఖ్ అధికారిక పక్షి. మొత్తం మీద లద్దాఖ్‌లో గూడు కట్టే జంటలు కొద్దిపాటివే.

కాబట్టి ఆర్మీ ఉంటే చాలు అనే మాటకు నేను మార్కులు తక్కువే వేస్తాను. సైనికులు పట్టించుకోరని కాదు, అది వాళ్లకు అప్పగించిన పని కాదు.

రెండోది శాంతివనం. సియాచిన్‌ను శాంతి ఉద్యానంగా మార్చాలనే ప్రతిపాదన రెండు దశాబ్దాల పైనుంచీ ఉంది. పర్వతారోహకుడు హరీశ్ కపాడియా లాంటివాళ్లు దాన్ని గట్టిగా వినిపించారు. 1984 ఏప్రిల్‌లో ఆపరేషన్ మేఘదూత్‌తో సైన్యం అక్కడికి చేరింది. అప్పటి నుంచి తూటాల కన్నా చలీ, మంచు చరియలే ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నాయి. 2012లో గయారీ దగ్గర చరియ విరిగిపడి పాకిస్తాన్ వైపు 140 మంది చనిపోయారు. 2016 ఫిబ్రవరిలో సోనమ్ పోస్టు దగ్గర మన సైనికులు పదిమంది పోయారు, వాళ్లలో ఒకరు కర్నూలు జిల్లా కుర్రాడు. నలభై ఏళ్లుగా పోగవుతున్న డబ్బాలు, కిరోసిన్ పీపాలు, మలమూత్రాలు మంచు పగుళ్లలోకి పోతున్నాయి. ఆ మంచు కరిగిన నీళ్లే నుబ్రాలోకి, అక్కడి నుంచి శ్యోక్‌లోకి, సింధులోకి చేరతాయి.

ఇది బలమైన వాదన. కాకపోతే దీన్ని వన్యప్రాణుల వాదన అనడం దగ్గర నాకు అభ్యంతరం ఉంది. సియాచిన్ దాదాపు 76 కిలోమీటర్ల మంచు. ఆ ఎత్తులో జంతువు బతకడానికి ఏముంది? ఐబెక్స్ మేకలు, మంచు చిరుతలు ఉండేది కింద నుబ్రా, శ్యోక్ లోయల్లో, కార్గిల్ కొండల్లో. సియాచిన్ శాంతివనం వస్తే ముందు బతికేది సైనికుడు, ఆ తర్వాత నది. అందుకే అది రావాలని నేనూ కోరుకుంటాను. కానీ మంచు చిరుతను కాపాడాలంటే అదే దారి అంటే ఒప్పుకోలేను.

అసలు సమస్య వరస. ప్రపంచంలో ఇలాంటి పార్కులు శాంతిని తెచ్చింది తక్కువ, శాంతి వచ్చాక పుట్టిందే ఎక్కువ. ఈక్వడార్, పెరూ 1995లో కార్డిలెరా డెల్ కాండర్ కొండల కోసం యుద్ధం చేశాయి. 1998లో ఒప్పందం కుదిరింది, అందులో రెండు వైపులా రక్షిత ప్రాంతాలు ఏర్పాటు చేసుకోవాలన్నదీ భాగమే. శాంతివనాలకు దీన్నే ఆదర్శంగా చూపిస్తారు. అయితే అక్కడ సరిహద్దు తేలడం, పార్కు రావడం ఒకే కాగితం మీద జరిగాయి. ఆ తర్వాత అదే కొండల్లో ఈక్వడార్ వైపు మిరడోర్ రాగి గని తెరుచుకుంది. తుపాకులు పోతే గనులు వచ్చాయి. కొరియాలో 2012లో నిర్జన పట్టీని జీవావరణ పరిరక్షణ ప్రాంతం చేయమని దక్షిణ కొరియా యునెస్కోను అడిగితే ఉత్తర కొరియా అడ్డం తిరిగింది, పని ఆగింది. 2019లో దక్షిణ కొరియా తన వైపు ప్రాంతాలకే గుర్తింపు తెచ్చుకుని సరిపెట్టుకుంది. మన దగ్గర చూస్తే 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత సింధు జలాల ఒప్పందాన్నే పక్కన పెట్టేశారు. మూడు యుద్ధాలను తట్టుకున్న కాగితం అది. అదే నిలవని చోట కొత్తగా పార్కు ఒప్పందం ఎవరు రాస్తారు? 2014లో ఒకే పులుల అభయారణ్యం కృష్ణకు అటు నాగార్జునసాగర్–శ్రీశైలంగా, ఇటు అమ్రాబాద్‌గా రెండు రాష్ట్రాలకు పంపకమైంది. మనలో మనకే అటొక లెక్క ఇటొక లెక్క తప్పలేదు.

మూడో దారిలో ఎవరి సంతకమూ అక్కర్లేదు. 1999లో రేఖకు అటువైపు, బాల్టిస్తాన్‌లోని స్కోయో అనే ఊళ్లో షఫ్కత్ హుస్సేన్ ఒక బీమా పథకం మొదలుపెట్టారు. మంచు చిరుత మేకను చంపితే ఊరి నిధి నుంచి డబ్బు ఇస్తారు. ఊళ్లోవాళ్లూ తలా కొంత ప్రీమియం కడతారు, కాబట్టి అబద్ధపు క్లెయిమ్ పెడితే నష్టపోయేది పక్కింటివాడే. వెళ్లి చూసి తేల్చేది కూడా ఊరి కమిటీయే. ఇంచుమించు అదే కాలంలో రేఖకు ఇటువైపు, లద్దాఖ్‌లోని హెమిస్ పార్కు ఊళ్లలో దొడ్లకు పైకప్పుగా ఇనుప జాలీ వేయడం, ఇళ్లలో అతిథులకు గదులివ్వడం మొదలయ్యాయి. మంచు చిరుత ఒక్కసారి దొడ్లోకి దిగితే ఒక్క మేకతో ఆగదు, ఒక్క రాత్రిలో మంద మొత్తాన్ని కొరికి పడేస్తుంది. తెల్లారి ఆ కాపరి చేసే పని ఏంటో ఊహించడం కష్టం కాదు. జాలీ పడ్డాక ఆ కోపానికి కారణం పోతుంది. రేఖకు ఇటూ అటూ ఉన్నవాళ్లు ఒకే జంతువుతో, ఒకే బాధతో, మాట్లాడుకోకుండానే ఒకే రకం పరిష్కారానికి వచ్చారు.

వీటిలో బీమా, జాలీలే గట్టివి, హోమ్‌స్టే తర్వాతిది. పహల్గాం తర్వాత కశ్మీర్‌లో సగానికి పైగా పర్యాటక ప్రదేశాలు కొన్నాళ్లు మూతపడ్డాయి. అతిథి మీద ఆధారపడ్డ ఆదాయం ఒక్క వార్తతో ఆగిపోతుంది, జాలీ మాత్రం అక్కడే ఉంటుంది. పైగా రేఖకు మరీ దగ్గరి ఊళ్లకు అతిథుల్ని పంపనే పంపరు.

పాకిస్తాన్ వైపు ఇంకో మెట్టు ఎక్కారు. అక్కడ మార్ఖోర్ వేటకు ఏటా కొద్దిమందికి పర్మిట్ ఇస్తారు. ఒక్కో పర్మిట్ ధర లక్ష డాలర్లు దాటింది, అందులో 80 శాతం ఆ ఊళ్లకే వెళ్తుంది. మార్ఖోర్ సంఖ్య పెరిగింది, 2015లో అంతర్జాతీయ ఎర్ర జాబితాలో దాని ప్రమాద స్థాయిని తగ్గించారు కూడా. మన చట్టం ప్రకారం అది నేరం, అలాగే ఉండాలనే నా కోరిక. ఉచ్చులు తీసే సిబ్బంది మీద ఖర్చుపెట్టకుండా ఆ పద్ధతిని తిట్టడం మాత్రం మనకు తగదు.

ఊరి దారికి ఉన్న అసలు లోపం లెక్క. ఊరు తన లోయను కాస్తుంది, పర్వతశ్రేణి మొత్తాన్ని చూడలేదు. ఇక్కడ శాస్త్రం సాయం కావాలి, అది మన హైదరాబాద్‌లోనే ఉంది. అత్తాపూర్‌లో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్ల ల్యాకోన్స్ ప్రయోగశాల ఉంది. పెంటికలోని డీఎన్‌ఏతో జంతువు ఏదో, మగో ఆడో, విడిగా ఏ జంతువో తేల్చే నైపుణ్యం వాళ్లది. సరిహద్దు పక్కన కెమెరాలు పెట్టాలంటే సైన్యం అనుమతి కావాలి, చోటు వివరాలు బయటికి ఇవ్వరు. పెంటికలు ఏరడానికి అంత టెన్షన్ ఉండదు, ఆ పని కాపరికి నేర్పవచ్చు. ఫలితాన్ని అటువైపు లెక్కతో పక్కపక్కన పెట్టుకోవడానికి చోటు కూడా ఉంది. 2013లో కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో పన్నెండు దేశాలు మంచు చిరుత కోసం చేతులు కలిపాయి, అందులో భారత్, పాకిస్తాన్, చైనా మూడూ ఉన్నాయి. రెండు వైపులా ఒకే పద్ధతిలో లెక్కించి అక్కడ పెడితే చాలు, మ్యాపు మీద గీత ఎవరూ జరపక్కర్లేదు. నల్లమలలో బేస్ క్యాంపుల్లో చెంచులు చేస్తున్నదీ దాదాపు ఇదే: అడవి తెలిసినవాళ్లకు కాపలా పని, జీతం.

ఊరు చేయలేనివీ ఉన్నాయి. శిబిరం చెత్త ఊరి చేతిలో లేదు, కంచె అసలే లేదు. కుక్కలకు ఆపరేషన్లు చేయించడం, వంటగది వ్యర్థాలు బయట పడకుండా గుంతల్లో మూసిపెట్టడం సైన్యం ఒప్పుకుంటేనే జరుగుతుంది. దానికి శత్రువు అనుమతి అక్కర్లేదు, ఢిల్లీ నుంచి ఒక ఉత్తర్వు చాలు.

ఇక లద్దాఖ్ టికెట్ కొనేవాళ్లకు. మంచు చిరుతలు కిందికి దిగేది జనవరి నుంచి మార్చి మధ్య, అప్పుడే హెమిస్ వైపు రుంబక్ లాంటి ఊళ్లలో ఇళ్లల్లో గది దొరుకుతుంది. చలి మైనస్ ఇరవై దాకా పోతుంది, బాత్రూం బయట ఉంటుంది, చిరుత కనిపిస్తుందన్న గ్యారంటీ లేదు. పాంగాంగ్ గుడారంలో గీజర్ దొరకవచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే ఆ గుడారమే నయం, కాకపోతే మిగిలిన చికెన్ కుక్కలకు వేయకండి.