తిరుపతి రోడ్లకు లూప్ సెన్సర్: ఎక్కడ కొనాలి, ఎక్కడ వద్దు

స్టాప్ లైన్‌కు కొంచెం వెనక, తారు మీద చతురస్రంగా కోసి నల్లటి సీలెంట్‌తో పూడ్చిన సన్నటి గీత కనిపిస్తే, దాని కింద బండి వచ్చిందని సిగ్నల్‌కు చెప్పే లూప్ సెన్సర్ ఉన్నట్టే. అది బండి బరువును బట్టి పనిచేస్తుందని చాలామంది అనుకుంటారు. బరువుతో దానికి పనిలేదు. ఆ గీత కింది రాగి తీగ చుట్టలో సెకనుకు కొన్ని పదుల వేల సార్లు దిశ మారే కరెంటు పారుతుంటుంది. పైకి లోహం రాగానే ఆ లోహంలో సుడి ప్రవాహాలు పుట్టి, చుట్ట ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) తగ్గి, ఫ్రీక్వెన్సీ, అంటే దిశ మారే వేగం, పెరుగుతుంది. ఆ తేడాను సిగ్నల్ పెట్టెలోని డిటెక్టర్ కార్డు పట్టుకుంటుంది. లూప్ మీద ఆవు పడుకున్నా కార్డుకు తెలియదు, ఆటో ఆగితే తెలుస్తుంది.

సరుకుగా చూస్తే ఇది మంచి సరుకు. వానకూ చీకటికీ దుమ్ముకూ లొంగదు. కార్డు పాడైతే పెట్టెలో మార్చేయొచ్చు. దీని బలహీనత అంతా రోడ్డులో కోసిన గాడిలో ఉంది. చెడిపోయిన లూప్‌ల విషయంలో కార్డును తిట్టేముందు గాడిని చూడాలి.

మామూలు కొలత 1.8 మీటర్ల చతురస్రం, మూడు చుట్లు. ఇండక్టెన్స్ సుమారు 75 మైక్రోహెన్రీలు వస్తుంది. గాడి లోతు 50 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, వెడల్పు 6 నుంచి 8 మిల్లీమీటర్లు చాలు. నాలుగు మూలల్నీ ఏటవాలుగా కోయాలి. లంబకోణంలో వదిలేస్తే తీగ అక్కడే ఒరుసుకుని ఇన్సులేషన్ తెగుతుంది. గాడిని కంప్రెసర్ గాలితో ఊది, పూర్తిగా ఆరాకే తీగ దించాలి. లోపల ఒక్క కంకర ముక్క మిగిలినా బస్సులు దాని మీదుగా వెళ్లి వెళ్లి తీగను కొరికేస్తాయి. మామూలు పీవీసీ తీగ మీద మరిగే తారు పోస్తే ఇన్సులేషన్ అప్పుడే మెత్తబడుతుంది. వేడిని తట్టుకునే ఎక్స్‌ఎల్‌పీఈ తీగ కొనండి, ఖర్చు ఎక్కువైనా సరే.

చుట్ట నుంచి పెట్టె దాకా వెళ్లే జంట తీగను మీటరుకు కనీసం 20 మెలికలు తిప్పాలి. పొడవు కూడా ముఖ్యమే. ఈ తీగ మీటరుకు సుమారు 0.7 మైక్రోహెన్రీలు కలుపుతుంది. అంటే 100 మీటర్ల దూరానికి దాదాపు 70. చుట్ట ఇచ్చే 75తో పోల్చితే కార్డుకు అందే మార్పు సగానికి పడిపోతుంది. పెట్టెను కూడలికి దగ్గర్లో పెట్టాలి, కుదరకపోతే చుట్లు పెంచాలి. ఇనుప మెష్ ఉన్న సిమెంటు రోడ్ల మీద కూడా ఒకటి రెండు చుట్లు అదనంగా వేయడం మంచిది, ఎందుకంటే మెష్ కొంత క్షేత్రాన్ని మింగేస్తుంది. మధ్యలో అతుకు అసలు వద్దు. తప్పకపోతే సోల్డర్ చేసి నీరు చొరకుండా రెసిన్‌లో ముంచాలి. నల్ల టేపు చుట్టి వదిలేసిన అతుకు ఒక్క వానాకాలం నిలవదు.

మన దగ్గర పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. గాడి పని వేసవిలోనే పూర్తి చేయాలి. సీలెంట్ పోయకముందు ఒకసారి, పోశాక ఒకసారి 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్‌ను పరీక్షించే మీటరు) తీగకూ భూమికీ మధ్య రెసిస్టెన్స్ చూడాలి. కొత్త లూప్‌కు 100 మెగాఓమ్‌లకు పైన రావాలి. వాన వచ్చినప్పుడే తప్పుడు సంకేతాలిస్తూ, ఎండ కాయగానే బాగుపడే లూప్ అయితే నీరు చేరిందని అనుకోవచ్చు.

రోడ్డు ఖాళీగా ఉన్నా ఒకే దిక్కుకు ప్రతిసారీ పూర్తి గ్రీన్ పడుతుంటే తీగ తెగిందేమో చూడాలి. తెగిన లూప్‌ను చాలా కార్డులు ‘బండి ఉంది’ అన్నట్టే లెక్కేస్తాయి, ఎవరినీ రెడ్‌లో శాశ్వతంగా నిలిపేయకుండా. పక్కపక్క లూప్‌లు ఒకదాన్నొకటి కలవరపెడుతుంటే కార్డు మీది స్విచ్‌తో ఒకదాని ఫ్రీక్వెన్సీ మార్చితే సరిపోతుంది. ఇక్కడ ఎవరూ పట్టించుకోని ఇంకొకటుంది. లూప్ పక్కనున్న ఇనుప మ్యాన్‌హోల్ మూత కదలకుండా ఉంటే కార్డు దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. బండ్లు ఎక్కినప్పుడల్లా ఊగే మూతయితే ప్రతి ఊపూ కొత్త బండిలా కనిపించొచ్చు. మూత మీద అచ్చు చూడండి: ఎల్‌డీ 2.5, ఎండీ 10, హెచ్‌డీ 20, ఈహెచ్‌డీ 35. ఆ అంకెలు మూత తట్టుకునే బరువు, టన్నుల్లో. బస్సులు తిరిగే దారిలో ఫుట్‌పాత్‌కు ఉద్దేశించిన ఎల్‌డీ మూత ఉంటే సెన్సర్ కన్నా ముందు అది మార్పించాలి.

ఇక ద్విచక్ర వాహనాలు. చతురస్రపు లూప్ నడిమధ్యలో ఆగిన బైక్ బాగా బలహీనంగా కనిపిస్తుంది, గీత మీద నిలబడితే స్పష్టంగా కనిపిస్తుంది. సెన్సిటివిటీ పెంచితే పక్క లేన్‌లో బస్సు కూడా తగులుతుంది. దీనికి మందు ఎనిమిది అంకె ఆకారపు చుట్ట. మధ్య గీతలో తీగలన్నీ ఒకే దిశలో కరెంటు మోస్తాయి కనుక అక్కడ క్షేత్రం బలంగా ఉంటుంది. అయినా లీలామహల్ సర్కిల్ లాంటి చోట రద్దీ వేళ బండ్లు లేన్‌ను బట్టి ఆగవు, స్టాప్ లైన్ దాటి ముందుకు వచ్చేస్తాయి. పైగా నీళ్ల పైపుకో కేబుల్‌కో రోడ్డు తవ్వితే లూప్ పోయినట్టే. అలాంటి కూడలికి నేను లూప్ సిఫార్సు చేయను. స్తంభం మీది రాడార్ మేలు. నిలిచిన బండ్లను కూడా చూసే రకమే కొనాలి, వేగాన్ని మాత్రమే చూసే చవక రకం సిగ్నల్ దగ్గర పనికిరాదు. కెమెరా కూడా మంచిదే కానీ తడి రోడ్డు మీద హెడ్‌లైట్ వెలుగు, నీడలు, ముందు నిలిచిన బస్సు దాన్ని మోసం చేస్తాయి, అద్దం తుడవడానికి మనిషి కావాలి.

లూప్ నిజంగా రాణించేది బండి ఒకే వరుసలో వచ్చే చోట: పార్కింగ్ గేట్లు, టోల్ లేన్లు, అలిపిరి లాంటి తనిఖీ లేన్లు. క్షేత్రం పైకి లేచే ఎత్తు లూప్ చిన్న భుజంలో సగం నుంచి మూడింట రెండు వంతులు. 1 మీటరు వెడల్పు లూప్ పెట్టిన గేటు దగ్గర ఎత్తైన లారీ నడుమ భాగం కార్డుకు కనిపించకుండా పోయి, గేటు అడ్డుకర్ర (బూమ్) దాని మీదే దిగుతుంది. బస్సులు, లారీలు వచ్చే గేటుకు 1.8 మీటర్లకు తగ్గనివ్వకండి.

పని అప్పగించుకునేటప్పుడు ప్రతి లూప్‌కూ చుట్ల సంఖ్య, ఇండక్టెన్స్, మెగ్గర్ రీడింగ్ రాసిన కాగితం అడిగి, దాన్ని సిగ్నల్ పెట్టె తలుపు లోపలివైపు అంటించండి. మరమ్మతుకు వచ్చేవాళ్లు కొలిచి పోల్చుకోవాల్సింది ఆ అంకెలతోనే.